బావ మాట కాదన్న పిలగాడు

అహల్య టీచర్‌కు ర్యాలీలంటే పడదు. ఆ మాట స్టాఫ్ రూంలో అందరి ముందే అంటుంది. ఎండలో పిల్లల చేతికి పుర్రె బొమ్మల అట్టలిచ్చి సూర్యాపేట రోడ్డు మీద నడిపించి, ప్రతిజ్ఞ చేయించి, ఫోటో దిగి గ్రూపులో పెడితే మత్తు పోతుందా అని ఆవిడ వాదన. నేను అదే బడిలో లెక్కలు చెబుతాను. ర్యాలీలో ముందు నడిచేది నేనే కాబట్టి ఆ మాట నాకు కాస్త గుచ్చుకునేది.

ఆవిడది మిర్యాలగూడ. తండ్రి రైస్ మిల్లులో హమాలీ. జీవశాస్త్రం చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, మునగాల దగ్గర హైవే పక్కనున్న మా హైస్కూలుకు వచ్చింది. మనిషి కోపిష్టి. చాక్‌పీస్ వృథా చేసినా ఊరుకోదు. అయినా ఆవిడ క్లాసు ఎవరూ ఎగ్గొట్టరు.

బడిలో మత్తుకు వ్యతిరేకంగా క్లబ్బు పెట్టమంటే ఆ బాధ్యత ఆవిడకే అప్పగించారు. మొదటి శనివారం ఊపిరితిత్తుల బొమ్మ పట్టుకొస్తుందనుకున్నాం. ఏమీ తేలేదు. "మీకు ఎవలన్న ఇస్తే వద్దంటరా?" అని అడిగింది. పదో తరగతి మొత్తం "అంటం టీచర్" అని అరిచింది. "సరే, ఎవలిస్తే అనలేరు?" అని మళ్లీ అడిగింది. చివరి బెంచీలోంచి ధర్మేందర్ అనే పిల్లవాడు లేచాడు.

"బావ ఇస్తే ఎట్లంటం టీచర్? అలుగుతడు."

అందరూ నవ్వారు. అహల్య నవ్వలేదు.

నవ్వులాట కాదు మరి. మా వైపు దావత్‌లో బావ మందు గ్లాసు చేతికిస్తే బామ్మర్ది పక్కన పెట్టకూడదు. పెడితే మనిషినే కాదన్నట్టు లెక్క. అల్లుడు అలిగాడంటే ఇంటిల్లిపాదీ వెళ్లి బతిమాలాలి. పెద్దలకు ఎదురుచెప్పొద్దని ఇంట్లో చెబుతాం, బడిలో చెబుతాం, మళ్లీ మనమే ప్రతిజ్ఞలో వద్దనమంటాం. పిల్లలు ఏది వినాలి?

అప్పటినుంచి శనివారం వస్తే క్లాసులో అదే పని. ఒకరు బావ, ఒకరు బామ్మర్ది. మర్యాద పోకుండా, కొట్లాట పెట్టుకోకుండా వద్దని చెప్పాలి. ధర్మేందర్‌కు నోట్లోంచి మాట వచ్చేది కాదు. బావగా నిలబడ్డది తోటి పిల్లవాడే అయినా నేల చూపులు చూసేవాడు. అహల్య కోప్పడేది, మళ్లీ చెప్పించేది.

దసరా సెలవులయ్యాక ఒక మధ్యాహ్నం ధర్మేందర్ తల్లి కాటమ్మ బడికి వచ్చింది. నాట్లకూ కోతలకూ కూలికి వెళ్లే మనిషి. వస్తూనే అహల్య మీద విరుచుకుపడింది.

"మా పోరనికి ఏం నేర్పినవ్ టీచరమ్మా? పండుగకొచ్చిన అల్లుని మొకం మీదనే వద్దన్నడంట. అల్లుడు అలిగి అన్నం గూడ తినలే. నా బిడ్డ వందనను తీస్కొని కోదాడ పోయిండు. గిదేనా సదువు?"

ధర్మేందర్‌ను పిలిపించారు. ఏం వద్దన్నావురా అని తల్లి అడిగితే చెప్పడు. అహల్యకు అర్థమైపోయింది. వాడి పక్కకు వచ్చి నిలబడి, "నువ్ చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అంది. ఆవిడకు అంత మెత్తని గొంతు ఉందని నాకు అప్పుడే తెలిసింది.

"గంజాయి," అన్నాడు వాడు. "బండి మీద ధాబా కాడికి తీస్కపోయి సిగరెట్ల నింపి ఇచ్చిండు. వద్దు బావా, చాయ్ తాగుత గాని ఇది తాగ అన్న."

కాటమ్మ కొడుకు దగ్గరకు వచ్చి, "నాకెందుకు చెప్పలే కొడకా?" అంది.

"చెప్తే అక్క పరేషాన్ల పడతదని. బావ మాట కాదనొద్దని నువ్వే అంటవ్ గద."

అంత మాట కడుపులో దాచుకుని, ఇన్ని రోజులు తల్లి చేత తిట్లు తిన్నాడు పిల్లవాడు.

కాటమ్మ కొంగుతో మొహం తుడుచుకుని సంచిలోంచి ఫోన్ తీసింది. కూతురి పెళ్లయినప్పటినుంచి అల్లుడితో ఆమె నేరుగా మాట్లాడింది లేదు. వాళ్లింట్లో అత్త అల్లుడి ముందుకు రాదు. తలుపు చాటున నిలబడి, చెప్పాల్సింది కూతురితో చెప్పిస్తుంది. అలాంటిది కొడుకుతో నంబరు కలిపించి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"అత్తయ్యా? మీరు చేశారేంటి?" అని అల్లుడి గొంతు మాకూ వినిపించింది.

"అయ్యా, ఇగ మా పిలగాడు మీ బండెక్కడు. ఆనికి మీరు గంజాయి ఇయ్యకుండ్రి. అలిగితే అలుగుండ్రి, బతిమాలనీకి నేను రాను."

అటువైపు ఫోన్ పెట్టేశాడు. కాటమ్మ వరండా మెట్టు మీద కూలబడింది.

"నా బిడ్డ గాయన కాడ్నే ఉంది గద టీచరమ్మా," అంది.

అహల్య ఆఫీసు గదిలోకి వెళ్లింది. హెడ్మాస్టర్‌ను అడిగి సగం పూట సెలవు తీసుకుని, బ్యాగు భుజాన వేసుకుని వచ్చింది. "నడు కాటమ్మక్కా, కోదాడ బస్సు దొరుకుతది. వందనను సూసొద్దాం," అంది. ధర్మేందర్ కూడా కదిలాడు.

"నువ్ ఏడికి? క్లాసుకు పో," అని అహల్య కసిరింది.

వాడు ఈసారి నేల చూపులు చూడలేదు.

"పోను టీచర్. ఆమె మా అక్క. నేనూ వస్త."

ముగ్గురూ రోడ్డు దాటి బస్సు కోసం నిలబడ్డారు.