షేర్ ఆటోలో గురుగ్రహం

ఆ రోజుల్లో చదువంటే కళ్లు మూసుకుని అప్పజెప్పడమేనని నా గట్టి నమ్మకం. (ఎమ్మెస్సీ అలాగే గట్టెక్కింది మరి.) ఇబ్రహీంపట్నంలో ఒక కాలేజీవాళ్లు పదింటికి రమ్మన్నారు. గురుగ్రహం చుట్టూ ఉన్న రేడియేషన్ వలయాల్లో కణాలు ఎలా చిక్కుకుంటాయో పిల్లలకు పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే ఉద్యోగం. అప్పటికే రెండు చోట్ల పాఠం మధ్యలో నోరు పెగలక తిరిగొచ్చాను. ఇదీ పోతే మా అన్న ఎరువుల దుకాణంలో కూర్చోవడమే.

మా ఊరు మంచాలలో బస్సు కోసం నడుస్తుంటే షేర్ ఆటో ఆయన (ఎప్పుడడిగినా ఒకటే జవాబు కనుక ఊరంతా ఆయన్ని 'ఐదు నిమిషాలన్న' అనేది) నా చేతిలోని బ్యాగు లాక్కుని సీటు మీద పెట్టేశాడు. "ఎక్కు చెల్లె, ఐదు నిమిషాల్ల పోదాం." ఎక్కాను. ఆటో ఊరి ఆ చివరకు పోయింది, మనుషులు చాలలేదని గిర్రున తిరిగి ఈ చివరకు వచ్చింది, మళ్లీ ఆ చివరకు. తిరిగినకొద్దీ ఆటో వేగం పెరిగింది. "అన్నా, నేను దిగుతా!" అని ఏడుపు గొంతుతో అంటే, పక్కనున్న టమాటల గంప అవ్వ నవ్వింది. "బ్యాగిచ్చేదాంక నీ ఇష్టం బిడ్డా. గుంజుకున్నంక ఇగ యాడికి పోతవ్? కూసో."

పదిన్నరకు, చెదిరిన జుట్టుతో క్లాసులో నిలబడ్డాను. కంఠస్థం చేసిందంతా ఆవిరైపోయింది. ప్రిన్సిపాల్ మేడమ్ గడియారం చూస్తున్నారు. ఇక గతిలేక, కణం పేరు పెట్టి నా ప్రయాణమే చెప్పాను. గురుగ్రహపు ఉపగ్రహం ఒకదాని మీద అగ్నిపర్వతాలు వాయువును కక్కుతాయి. అందులోని పరమాణువుకు విద్యుదావేశం లేనంతసేపు గ్రహం అయస్కాంత క్షేత్రం దాని జోలికి రాదు, తన దారిన తాను పోతుంది. ఒక్క ఎలక్ట్రాన్ ఊడిందా (నా బ్యాగులాగే), ఇక చిక్కినట్లే. మెలికలు తిరుగుతూ ఉత్తరం కొసకు పోతుంది, అక్కడ క్షేత్రం బలంగా ఉండి వెనక్కి తిప్పుతుంది, దక్షిణం కొసకు పోతే అక్కడా అంతే. గ్రహం వైపు జరిగేకొద్దీ శక్తి పుంజుకుంటుంది. "మేడమ్, గిది ఐదు నిమిషాలన్న ఆటోనే!" అని వెనక బెంచీ పిల్ల ఒకతి (ఆమెదీ మా ఊరే) అరిచింది. క్లాసంతా విరగబడి నవ్వింది. ప్రిన్సిపాల్ మేడమ్ కూడా నవ్వాపుకోలేకపోయారు. "మస్తు చెప్పినవ్. సోమవారం నుంచి రా. జర బస్సుల రా."

ఇప్పుడు అదే పాఠం ఒక్క తడబాటు లేకుండా చెబుతాను. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు, ఎవరూ అరవరు. ఏమీ గుర్తురాక, చెమటలు కక్కుతూ, అంతమందిని నవ్వించిన ఆనాటి నన్ను తలచుకుంటే మాత్రం నాకు ఇప్పటికీ కొంచెం కుళ్లు.