గొల్లకావడి కింది మబ్బు

మా ముత్తాత మాధవరావు, తాత కిషన్‌రావు రుద్రూర్ దిక్కున దేశ్‌ముఖులు. తాత గుర్రం మీద వస్తున్నాడంటే తాలూకా కచేరీలో అందరూ లేచి నిలబడేవాళ్లని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. నేను పుట్టేనాటికి గుర్రాలు లేవు. నిటారుగా కూర్చునే అలవాటు మాత్రం మిగిలింది, అది ఇప్పటికీ పోలేదు. నిన్న మా కోడలు వంటింట్లో సిర్కా సీసా మూత తీసింది. ఆ పుల్లని ఘాటు తగలగానే నాకు నిజామాబాద్‌లో ఒక ఫోటో స్టూడియో వెనక గది, ఎర్ర బల్బు కింద అదే వాసన వేసే మందులో ఫోటోల గాజు ప్లేట్లు కడిగే బిల్కీస్ ఆపా చేతులు గుర్తొచ్చాయి.

ఆపా ఆ స్టూడియో యజమాని భార్య. మగవాళ్ల ఫోటోలు ఆయన తీసేవాడు. పరదా పాటించే ఇళ్లకు ఆపా స్వయంగా వెళ్లి ఆడవాళ్లను తీసేది. పంతొమ్మిదివందల అరవైల మొదట్లో, మా నాన్న పోయాక, ఫోటోల మీది మచ్చలు సరిచేసే పని నేర్చుకోవడానికి ఆమె దగ్గర చేరాను. నలుగురి కంట పడకుండా చేయగలిగిన పని అదొక్కటే అనిపించింది. మొదటిరోజే ఆమె నన్ను ఎగాదిగా చూసి, "గట్ల కూసుంటే బ్రష్ అందదు దొరసాని. జర వంగు" అంది. వంగాను. అంతవరకు నన్ను వంగమన్నవాళ్లు ఎవరూ లేరు.

పెళ్లికూతుళ్ల ముఖాలు తీసే పెద్ద లెన్సుతోనే ఆపా ఆకాశాన్నీ తీసేది. పిల్లలకోడి అని మేం పిలిచే కృత్తికల గుంపును అప్పటికే తీసింది. ఇక గొల్లకావడి అనే మూడు చుక్కల వరస కింద మసకగా కనిపించే వెలుగు మబ్బును పట్టాలని ఆమె పంతం. ఆ మబ్బులో కొత్త చుక్కలు పుడతాయని ఏదో ఉర్దూ పత్రికలో చదివిందట. రెండు చెక్కలను తలుపు బందుతో కలిపి, ఆ బందును ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టి, పై చెక్కకు కెమెరా బిగించేది. కింది చెక్కకున్న మరమేకును మెల్లగా తిప్పుతుంటే కెమెరా చుక్కల వెంటే కదిలేది. ఆపాకు గడియారం మీద నమ్మకం లేదు. జపమాల లాంటి తస్బీ పూసలు జరుపుతూ, పూసకొకసారి నాచేత మర తిప్పించేది.

మాఘమాసంలో, చీకటి పడగానే స్టూడియో మిద్దె మీద తీసిన ప్లేటులో ఆ మబ్బు పడింది, చుట్టూ సన్నని చుక్కలతో సహా, నెగటివ్ కాబట్టి అన్నీ నల్లగా. మర్నాడు మేం వెళ్లేసరికి ఆపా భర్త ఆ ప్లేటు పట్టుకుని కూర్చున్నాడు.

"నిండ దుమ్మే ఉండె. పొద్దటిసంది కూసోని చాకుతోని గీకిన. సూడు, ఎంత సాఫయిందో."

ఆపా ప్లేటును వెలుతురుకెత్తి చూసింది. ఒక్క చుక్క మిగల్లేదు.

"మంచిగ చేసినవ్ జీ. ఆస్మాన్ మొఖం మీది మొటిమలన్ని తీసినవ్. ఇగ షాదీ చెయ్యొచ్చు."

ఆయనకు అర్థం కాలేదు. "ఎవల ఫోటో అది?" అని అడిగాడు.

ఇంకొన్నాళ్లయితే గొల్లకావడి పొద్దుగూకేసరికే పడమటికి వాలిపోతుంది. నిజామాబాద్‌లో వీధిదీపాలు పెరిగాయి. ఆపా కోసం చీకటి ఆకాశం దొరికే చోటు నాకు ఒక్కటే తెలుసు, అది ఊళ్లో మా గడి, అంటే దొరల పాత మేడ, దాని పైమిద్దె. అక్కడికి ఇంటి మగవాళ్లు తప్ప ఎవరూ ఎక్కేవాళ్లు కాదు. మా అవ్వ ఒప్పుకోలేదు.

"మీ తాత ఆ మిద్దె మీద కూసుంటే ఊరంత కింద నిలవడుతుండె. గా ఫోటోలామెను ఎక్కిస్తవా?"

"ఎక్కిస్త అవ్వా. ఆమె నాకు పని నేర్పింది. కుర్సీ ఏసి కూసోవెడ్త."

అవ్వ ఖాళీగా ఉన్న నడవ వైపు చూసింది. చివరికి, "కుర్సీ ఏడున్నదే మనింట్ల? చాప ఎయ్యి" అంది.

ఉత్తరపు గాలి వీస్తే బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నుంచి చెరుకు పిప్పి మసి వచ్చి లెన్సు మీద పడుతుంది. ఆ సాయంత్రం గాలి లేదు. ఆపా చాప మీద కూర్చుని తస్బీ తిప్పింది, నేను మర తిప్పాను. ఈసారి ఒకదాని వెంట ఒకటి రెండు ప్లేట్లు తీసింది. మర్నాడు స్టూడియోలో రెండింటినీ పక్కపక్కన పెట్టి నన్ను చూడమంది.

"రెండిట్ల ఒక్క జాగలనే ఉన్నది చుక్క. ఒక్కదాంట్లనే ఉన్నది దుమ్ము. దుమ్ము నువ్వే తియ్యి, ఆయన చేతికి ఇయ్యకు." నా చేతికి బ్రష్ ఇచ్చి మళ్లీ అంది. "మీ తాత గుర్రం ముచ్చట ఒక్క ప్లేట్ల ఉన్నదా దొరసాని, రెండిట్లనా?"

"మా ఇంటి ప్లేటు ఒక్కటే చూసిన" అన్నాను. ఆపా నవ్వింది. నాకు కోపం రాలేదు.

ఆ మబ్బు ఫోటోను ఆమె పెళ్లికూతుళ్ల ఫోటోల మధ్య వేలాడదీసింది. తర్వాత చాలా ఏళ్లు ఆ బ్రష్‌తోనే నా ఇల్లు గడిచింది, ఎవరి ముందూ చేయి చాచలేదు. ఎవరినైనా పొగడాలన్నా, తప్పు పట్టాలన్నా, నేను ఇప్పటికీ రెండో ప్లేటు కోసం ఆగుతాను.

ఆ ఫోటో తీసిన మరుసటేడే గడి పైమిద్దెను విప్పించి, టేకు దూలాలను బోధన్‌లో ఒక కలప వ్యాపారికి అమ్మేశాం.