ఓ పాజిటివ్ చెయ్యి

కుప్పంలో పర్యావరణం ఎమ్మెస్సీ చదివిన రెండేళ్లూ మా తరగతికి భయమే పాఠం. ఎండ ముదురుతుంది, వాన తప్పుతుంది, నీళ్లు ఇంకా లోతుకు పోతాయి అని పొద్దున వినేవాళ్లం. మధ్యాహ్నం మెస్సులో మళ్లీ అదే మాట్లాడుకుని అన్నం సగంలో వదిలేసేవాళ్లం. ఒకమ్మాయి తాను పిల్లల్నే కననని తేల్చేసింది. నాకు ఏడుపు రాలేదు గానీ ఎప్పుడు చూసినా నిద్ర వచ్చేది. భయపడి భయపడి అలిసిపోతే వచ్చే నిద్ర అది.

ఊరికే భయపడితే ఏం లాభమని మా మేడం మమ్మల్ని ఊళ్ల మీదికి తోలింది. కొత్త బోర్లు వేయొద్దు, కుంటల్లో పూడిక తీయండి, వాన నీళ్లు నిలపండి అని చెప్పి రావాలి. బైరెడ్డిపల్లె పక్క ఊర్లో జనం మాకు టీ ఇచ్చి, చార్టులన్నీ ఓపిగ్గా చూశారు. చివర్లో ఒక పెద్దాయన మీలో ఓ పాజిటివ్ రక్తం ఎవరికుందని అడిగాడు. మా వైపు అదొక నమ్మకం. ఆ రక్తం ఉన్నవాళ్లు అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేన్లో నడిస్తే, కింద నీళ్లున్న చోట కాయ లేచి నిలబడుతుందంటారు. బోర్లొద్దని చెప్పడానికి పోయిన మమ్మల్నే బోరుకు చోటు చూపమన్నారు. తిరుగు బస్సులో అందరూ ఒకటే నవ్వు. నాది ఓ పాజిటివే. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను.

ఆ ఎండాకాలం పుంగనూరు దగ్గర మా ఊరికి పోయేసరికి మా నాలుగో బోరు కూడా ఎండిపోయింది. మదనపల్లె మార్కెట్టుకు పోవాల్సిన టమోటా చెట్టు మీదే వాడిపోతోంది. నాయన ఐదో బోరుకు సిద్ధమైనాడు. పాడి ఆవులు రెండూ అమ్మితే గానీ బోరుబండి రాదు. ఇల్లు నడుస్తున్నదే ఆ పాల మీద. మూడు రోజులు కోపంగా వాదించాను. నా పుస్తకాల్లో ఉన్నదంతా చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

నాలుగో రోజు ఆయన టెంకాయ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నీ రక్తం అదే గదమ్మా. నువ్వు యాడ సూపిస్తే ఆడ ఏపిస్తా. సూపీకుంటే ఇడిసిపెడతా."

ఒప్పుకున్నాను. కాయ లేవకపోతే ఆవులు మిగులుతాయి. ఇంత చదువు చేయలేని పని ఒక టెంకాయ చేస్తుందంటే సిగ్గేసింది. అయినా నడిచాను. నాయన చెప్పులు విడిచి నా పక్కనే నడిచాడు. ఈశాన్యం మూలకు వచ్చేసరికి కాయ కదిలింది. నా చెయ్యి వణికిందో, నిజంగా కాయే కదిలిందో ఇప్పటికీ తెలీదు. ఆ నమ్మకాలు నాకు లేవు. లేకపోయినా బొటనవేలితో గట్టిగా నొక్కిపెట్టాను.

యాడా నీళ్లు లేవు నాయనా అన్నాను. ఆయన సరేనని కాయ తీసుకుని ఇంటికి పోయాడు. అమ్మ దాంతో చట్నీ నూరింది.

బోరుబండి రాలేదు. వానకు పండేంత వరకే చాలని నాయన చెనిక్కాయ, అదే వేరుశనగ, వేశాడు. చేను వంపులో వాన నీళ్లకు గుంత తవ్వడం మొదలుపెట్టాడు. ఇది తెలిసి మా మేడం నన్ను తరగతి ముందు నిలబెట్టి, ఇంట్లో వాళ్లను ఎలా మార్చావో చెప్పమంది. చార్టుల గురించి చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆ మూలలో నీళ్లుండి ఉంటే నాయన నోటి దగ్గర కూడు నేనే లాగేసినట్టు కదా అన్న ఆలోచన మాత్రం నన్ను వదల్లేదు.

తర్వాత సెలవులకు ఇంటికి పోయినప్పుడు గుంత దగ్గర మట్టి ఎత్తుతూ చెప్పేశాను, ఆ పొద్దు కాయ కదిలిందని, నేనే నొక్కిపెట్టానని.

నాయన పార ఆపలేదు. "తెలుసు. నీ ఏలు తెల్లంగా అయిపోయింది, సూసినా."

మరి ఎందుకు ఊరుకున్నావన్నాను.

"నాకూ బయమేమ్మా. నాలుగు బోర్లు ఏసినోడు, ఇంక నీళ్లు లేవని యా నోటితో అంటాడు? నీతో అనిపించుకున్నా."

ఆయనకు భయం లేదనే ఇన్నాళ్లూ ఆయన మీద కోప్పడుతూ వచ్చాను.