దీపం పెట్టాక మోగని ఫోన్

మా పారాయణ గోష్ఠిలో రెండు వరుసలు ఎదురెదురుగా కూర్చుంటాయి. మొదటి వరుస ఒక పాదం అంటే రెండో వరుస తరువాతి పాదం అందుకోవాలి. మధ్యలో ఊపిరి పీల్చుకునేంత ఖాళీ కూడా ఉండకూడదన్నది మాకు పాఠం చెప్పిన పెద్దాయన నియమం. ఆయన ఒకప్పుడు మా ఊరు తిరుత్తణిలో పాత్రల అంగడి నడిపాడు. అందరం మామ అనే పిలుస్తాం. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆయన ఇంటి ముందు గదిలో పారాయణ జరుగుతుంది. రెండో వరుసకు ముందు ఎత్తుకోవలసింది నేను. నేను ఎత్తుకుంటేనే మిగతావాళ్ళు కలుస్తారు. ఆ చోటు నాకు ఊరికే రాలేదు. బడిలో తెలుగు చెప్పేవాళ్ళు లేక, తెలుగు పాఠాన్ని అరవ అక్షరాల్లో రాసుకుని బట్టీపట్టాను. తప్పు పలికినప్పుడల్లా మామ మొదటికి పంపేవాడు. మళ్ళీ మొదటినుంచి చెప్పేదాన్ని. అలా సంపాదించుకున్న చోటు అది.

పగలు నేను తిరువళ్ళూరులో బోరు మోటార్లు, పైపులు అమ్మే ఒక కంపెనీ ఆఫీసులో పనిచేస్తాను. కింద అంగడి, ఆఫీసు. మేడ మీద యజమాని కాపురం. ఆయనది మా తెలుగు వర్తకుల కుటుంబమే. అంగట్లో అరవం మాట్లాడతాడు, మేడ మెట్లు ఎక్కితే తెలుగు. వచ్చిన ఫోన్లు ఎత్తి, ఎవరి మోటారు ఎక్కడ ఆగిపోయిందో కనుక్కుని మెకానిక్కులకు చెప్పడం నా పని. కనకమ్మ సత్రం, అత్తిమంజేరిపేట వైపు రైతులు చాలామంది తెలుగులో మాట్లాడతారు, మిగతావాళ్ళు అరవంలో. ఎవరు ఏ భాషలో మొదలుపెట్టినా నేను అందులోకి మారిపోతాను.

యజమాని కొత్త ఫోన్ సిస్టమ్ పెట్టించినప్పుడు, ఆఫీసులో ఎవరూ ఎత్తకపోతే ఆ ఫోన్ నా సెల్లుకు వచ్చేలా చేయించాడు. నన్ను అడగలేదు. నేను సాయంత్రం రైలుకు వెళ్ళిపోతాను. ఆ తరువాత కాసేపటికి, దీపాల వేళకు, ఆయన షట్టరు దింపించి మేడ మీదికి వెళతాడు. ఇక ఆఫీసులో ఎత్తేదెవరు? అన్నీ నాకే వచ్చేవి. ఎలక్ట్రిక్ రైల్లో కమ్మీ పట్టుకుని నిలబడి ఒకరికి, ఇంట్లో పొయ్యి ముందు నిలబడి ఇంకొకరికి జవాబు చెప్పేదాన్ని. ఉద్యోగం కదా అని ఓర్చుకున్నాను. గోష్ఠిలోకి కూడా అది నా వెంట వచ్చినప్పుడు మాత్రం ఓర్చుకోలేకపోయాను.

ఆ శుక్రవారం పారాయణ సగంలో ఉంది. మొదటి వరుస పాదం ముగించింది. నా నడుము దగ్గర సెల్లు వణికింది. వణికిందని తెలిసిన ఆ క్షణంలోనే పాదం నా నోటినుంచి జారిపోయింది. వెనక ఉన్నవాళ్ళు నాకోసం ఆగారు. గది మొత్తం నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో సెల్లు గుర్రుమంటున్న చప్పుడు అందరూ విన్నారు.

ప్రసాదం పంచాక మామ నన్ను పిలిచాడు.

"ఏమ్మా, మోటారు ఎవురిది కాలిపోయింది?"

"తెలీదు మామా. ఎత్తలేదు."

"ఎత్తలేదా? పాదాన్నీ ఎత్తుకోలేదు, ఆ ఫోన్నీ ఎత్తలేదు. రెండు పక్కలా చెడ్డావు గదమ్మా." ఆయన నవ్వుతూనే అన్నాడు. తరువాత నవ్వు ఆపేశాడు. "ఇంకోతూరి ఇట్లయితే నువ్వు వెనక వరసలో కూచుని వినమ్మా. ఎత్తుకునేదానికి ఇంకెవుర్నన్నా చూస్తాను. నీ మీద కోపం కాదు. వరస తెగకూడదు."

ఆయన అన్నదాంట్లో అన్యాయం లేదు. అందుకే రాత్రంతా మండింది. నా చోటు పోయేలా ఉన్నది నా తప్పు వల్ల కాదు, ఇంకొకరు నన్ను అడగకుండా నా నడుముకు కట్టిన తాడు వల్ల.

మర్నాడు యజమాని దగ్గరికి వెళ్ళాను. కౌంటరు దగ్గర కాఫీ తాగుతున్నాడు.

"అయ్యా, మన ఫోన్లోనే నైట్ మోడ్ అని ఒకటుండాది. నా టేబుల్ మీద ఫోనుకు దాని బటన్ కూడా ఉండాది. షట్టరు దించినాక అది వేసేస్తే, ఫోను చేసినోళ్ళకు రికార్డు చేసిన మాట వినిపిస్తాది. పొద్దున మళ్ళీ చేస్తారు. నా సెల్లుకు రాదు."

"ఆ మాట ఏమంటాదో విన్నావా నువ్వు?"

విన్నాను. ఇప్పుడు ఆఫీసులో ఎవరూ లేరని ఒక ఆడగొంతు అరవంలో చెబుతుంది. సిస్టముతో పాటు వచ్చిన మాట అది.

"ఇల్లై అంటాది!" ఆయన గ్లాసు కింద పెట్టాడు. "నా అంగట్లోంచి, దీపం పెట్టే వేళలో, లేరని చెప్తాదంటమ్మా. ఈ ఇంట్లో ఉప్పు అయిపోతే కూడా అయిపోయిందని ఎవురూ అన్లేదు. నిండుకుందంటాం. తెలిసిన ఇంటి బిడ్డవి, నీకు చెప్పాల్నా ఇది?"

చెప్పనక్కర్లేదు. మా ఇంట్లోనూ అంతే. సందెవేళ లేదు అనే మాట నోట రానివ్వం. ఆయన నమ్మకాన్ని నేను తక్కువ చేయలేదు.

"అయితే మాట మారుద్దామయ్యా. మంచి మాట నేనే చెప్పి రికార్డు చేస్తా."

"ఎందుకూ? నువ్వుండంగా మిషను మాట్లాడేదెందుకు?"

అప్పుడు అర్థమైంది. ఆయనకు అడ్డం వచ్చింది ఆ మాట కాదు. నేను ఊరికే దొరుకుతున్నాను, అంతే. ఆ సాయంత్రానికల్లా నా టేబుల్ మీద ఫోనుకు ఉన్న నైట్ మోడ్ బటన్ మీద తెల్ల టేపు అంటించి ఉంది. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి.

మా సంప్రదాయంలో శరణాగతి అన్నది మొదటి పాఠం. ఒకరి పాదాల దగ్గర చేరినవాడు సగం ఇక్కడా సగం అక్కడా ఉండడు. దాన్ని చిన్నప్పుడు వల్లించాను. దాని బరువు ఆ తెల్ల టేపు చూసినప్పుడే తెలిసింది. పొద్దుటి నుంచి ఆయన దగ్గర జీతానికి పనిచేస్తాను, ఒళ్ళు దాచుకోను. దీపం పెట్టాక నేను దాసిని. ఆయనకు కాదు.

సిస్టమ్ బిగించిన టెక్నీషియన్ వెళ్ళేముందు నాకు ఒక సంగతి చెప్పాడు. బటన్ నొక్కలేనప్పుడు బయటినుంచి కూడా నైట్ మోడ్ వేయవచ్చు. ఆఫీసు నంబరుకు ఫోన్ చేసి, స్వాగతం చెప్పే రికార్డు మొదలవగానే స్టార్ నొక్కి, రహస్య సంఖ్య కొట్టి, ఆపైన ఒక అంకె నొక్కాలి. ఆ సంఖ్య నా దగ్గరే ఉంది. దాన్ని వాడవద్దని ఎవరూ చెప్పలేదు. బటన్ ముట్టుకోవద్దని టేపు అంటించారు, ముట్టుకోలేదు.

తరువాతి శుక్రవారం రైలు అరక్కోణం చేరేసరికి బయట దీపాలు వెలిగాయి. షట్టరు దించేసి ఉంటారు. ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో సెల్లు పట్టుకుని అంకెలు నొక్కాను. చెవిలో టింగుమని ఒక చప్పుడు. నైట్ మోడ్ పడింది. నా పక్కన పూలబుట్టతో కూర్చున్న ఆమె తలెత్తి, "ఎన్నమ్మా, నీలో నువ్వే నవ్వుకుంటా ఉండావు?" అంది. "అంగడి మూసినానక్కా," అన్నాను. ఆ రోజు రెండో వరుస ఒక్క పాదం కూడా జారవిడవలేదు.

శనివారం పొద్దున నేను అడుగు పెట్టేసరికి యజమాని నా కుర్చీ పక్కనే నిలబడి ఉన్నాడు. ముందురోజు సాయంత్రం ఆయన బావమరిది మద్రాసు నుంచి ఆఫీసు నంబరుకు ఫోన్ చేశాడట. ఎవరూ లేరని విని, భయపడి మేడ మీదికి ఫోన్ చేశాడట.

"మా ఇంట్లో ఏమయిందని అడిగినాడు! దీపం ముందర కూచోనుంటే ఆ ఫోను! నేను టేపు అంటిస్తే నువ్వు రైల్లోంచి వేస్తావా?"

"వేసినానయ్యా."

"వేసినానంటాది చూడు! తప్పయిపోయిందని కూడా అన్లేదు."

"తప్పు కాదు గదయ్యా."

కౌంటరులో లెక్కచూసే అన్న దించిన తల ఎత్తకుండానే అన్నాడు: "మనం షట్టరు దించాలంటే ఇద్దరు పట్టాల. ఆయమ్మ అరక్కోణం నించి ఒంటి వేలితో మూసేసింది." ఎవరో కిసుక్కుమన్నారు. యజమాని ముఖం ఇంకా ఎర్రబడింది.

"రైతు మోటారు కాలిపోయి, పైరు ఎండిపోతా ఉండి ఫోను చేస్తే? అప్పుడేం చెప్తావు మీ దేవుడికి?"

ఆ ప్రశ్న నన్ను నేను వేసుకోకుండా ఉన్నానా? వారం అంతా వేసుకున్నాను. "అయ్యా, సందెవేళ ఫోను చేసిన ఏ రైతుకన్నా మనం ఆ పొద్దే మెకానిక్కును పంపినామా? మెకానిక్కులు ముందే ఇండ్లకు పోయింటారు. నేను ఎత్తి, ఇదో వస్తారు, ఇదో వస్తారు అంటాను. పాపం వాళ్ళు గట్టు మీద టార్చిలైటు పెట్టుకుని చూస్తా కూచుంటారు. ఆ అబద్ధం నా నోటితో చెప్పించినారు. దేవుడికి దాని జవాబే చెప్పుకోవాల నేను."

ఆయన వెంటనే ఫోన్ అందుకున్నాడు. టెక్నీషియన్‌ను పిలిపించి రహస్య సంఖ్య మార్పించాడు. కొత్తది నాకు చెప్పవద్దని నా ఎదుటే అన్నాడు.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. సెల్లు ఆపేస్తే దాక్కున్నట్టవుతుంది. నేను దాక్కోదలచుకోలేదు. సాయంత్రం సెల్లు చప్పుడు పూర్తిగా పెంచి, నా టేబుల్ సొరుగులో పెట్టి, సొరుగు కొంచెం తెరిచే ఉంచి రైలుకు వెళ్ళిపోయాను. గోష్ఠిలో నా నడుము దగ్గర ఏమీ లేదు. మామ ఒకసారి నా వైపు చూసి కళ్ళు మూసుకున్నాడు.

తరువాత ఏం జరిగిందో యజమాని భార్య చెప్పింది. మేడ మీద ఆమె దీపం వెలిగిస్తుండగా కింద మోత మొదలైంది. ఒకటి ఆగితే ఇంకొకటి. "మూసిన అంగట్లో ఏందిది, ఎవురన్నా ఏడుస్తా ఉండారా?" అందట. చివరికి ఆయనే తాళాలు తీసుకుని దిగాడు, చేతిలో పూజ గంట అలాగే ఉంది. నా సెల్లు ఎత్తాడు. అత్తిమంజేరిపేట వైపు నుంచి ఒక రైతు. మోటారు సంగతి చెప్పాడు, బావి సంగతి చెప్పాడు, ఆ బావి తవ్విన వాళ్ళ తాత సంగతి చెప్పాడు. ఫోన్ పెట్టలేదు. ఎట్టకేలకు ఆ రైతు పెట్టేసరికి ఇంకొకరు. పైన హారతి ఆయన లేకుండానే అయిపోయింది.

శనివారం ఆయన నా సెల్లు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. గొంతు పెంచలేదు.

"ఇది నీదే గదా?"

"నాదేనయ్యా."

"కావాలనే పెట్టిపోయినావు."

"కావాలనే."

"పని పోతాదని భయం లేదా నీకు?"

భయం ఉంది. ఇంటి సంగతి ఇంటివాళ్ళకు తెలుసు, ఇక్కడ ఎందుకు? కానీ ఆ వరుసలో నా చోటు ఒకసారి పోతే మళ్ళీ రాదు. "ఉండాదయ్యా. తీసేస్తే పోతాను. సాయంత్రం ఎక్కే రైలు అదే, దిగే ఊరు అదే. పొద్దున మళ్ళీ ఎక్కను, అంతే. పనిలో ఉంటే మాత్రం షట్టరు దించినాక నైట్ మోడ్ వేస్తాను. కొత్త నంబరు ఇస్తే దాంతో. ఇవ్వకపోతే సొరుగుండాది."

ఆయన సెల్లు నా ముందు పెట్టాడు. "ఏమన్నాడు తెలుసునా ఆ రైతు? తెలుగు మాట్లాడే అమ్మ యాడ పోయింది అన్నాడు. కోపంతో కాదు. మర్యాదగా అడిగినాడు."

"పారాయణకు పోయిందని చెప్పలేకపోయినారా?"

"చెప్పినాను," అన్నాడు ఆయన. "సరి సరి, అప్పుడైతే రేపే మాట్లాడతానన్నాడు. నేను చెప్పింది అంతసేపూ వినలేదు గానీ ఆ ఒక్క మాటకు పెట్టేసినాడు."

ఆ మధ్యాహ్నం టెక్నీషియన్ వచ్చి, యజమాని చెప్పమంటే, కొత్త రహస్య సంఖ్య నాకు చెప్పాడు. మాట నేనే రికార్డు చేశాను, ముందు అరవంలో, తరువాత తెలుగులో. దీపం పెట్టే వేళయిందనీ, పొద్దున అంగడి తెరవగానే ఫోన్ ఎత్తుతామనీ, మెకానిక్కు అప్పుడే బయలుదేరతాడనీ. లేదు, లేరు అనే మాట ఎక్కడా రాలేదు. యజమాని వెనక నిలబడి విన్నాడు. "మెకానిక్కు ఇప్పుడే వస్తాడని అనుంటే బాగుంటాది," అన్నాడు. "అననయ్యా," అన్నాను. టెక్నీషియన్ నా మాటనే ఎక్కించాడు.

ఆయన మారిపోయాడని నేను చెప్పను. ఎదురు వీధి కంపెనీవాళ్ళు సాయంత్రం కూడా ఫోన్ ఎత్తుతారని వారానికోసారైనా గుర్తుచేస్తాడు. ఒకరిద్దరు అటు వెళ్ళారు కూడా. ఆ తిట్లు నావే, పడతాను. మొన్న రైలుకు బయలుదేరుతుంటే కౌంటరు దగ్గర నన్ను ఆపాడు.

"ఈ పొద్దు శుక్రవారం కాదు గదా?"

"కాదయ్యా. మంగళవారం."

"గోష్ఠి లేదు గదా?"

"గోష్ఠి శుక్రవారమేనయ్యా."

"అయినా వేసేస్తావా?"

"వేస్తానయ్యా," అని అంగడి మెట్లు దిగాను.