అరుపుకు మూడు పాయింట్లు

మా వీధిలో ఆర్విడ్ టోలెఫ్సన్ చొక్కా లేకుండానైనా బయటికొచ్చేవాడేమో గాని, శబ్దం కొలిచే యంత్రం లేకుండా వచ్చేవాడు కాదు. అరచేతిలో ఇమిడే ఆ యంత్రంతో, బంతిని చేత్తో పట్టుకుని ఆడే మా అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియంలో జనం అరుపులు కొలిచేవాడు. ఆట లేని రోజుల్లో ఏది దొరికితే అది కొలిచేవాడు. ఓసారి చర్చిలో పాస్టర్ గారి ప్రసంగానికి యంత్రం పెట్టి, "అరవై రెండు. దీనికి ఎవడూ తొట్రుపడడు" అని నా చెవిలో తీర్పు చెప్పాడు.

ఆ తొట్రుపాటే అతని సిద్ధాంతానికి పునాది. అవతలి జట్టు చేతిలో బంతి ఉన్నప్పుడు మనం చెవులు చిల్లులు పడేలా అరిస్తే వాళ్ళ నాయకుడి మాట వాళ్ళకే వినపడదు. ఎవడో ఒకడు ముందే కదులుతాడు, అందుకు శిక్షగా జట్టంతా ఐదు గజాలు వెనక్కి పోతుంది. అదే బంతి మన చేతికొస్తే మనం నోరు మూసుకోవాలి. మా మిన్నెసోటాలో ఇది చిన్నపిల్లలకూ తెలుసు. ఆర్విడ్ మాత్రం మా సోఫాలో కూర్చుని టీవీ చూసేటప్పుడు కూడా పాటించేవాడు. కాఫీ కావాలా అని నా భార్య మార్లిస్ అడిగితే చెయ్యెత్తి ఆపేవాడు. బంతి అవతలివాళ్ళకు పోయాక, "కావాలి" అని ఇల్లు అదిరేలా అరిచేవాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా పందేలతోనే. మా జట్టు సొంత స్టేడియంలో నాలుగు పాయింట్ల తేడాతో గెలుస్తుందని బెట్టింగ్ వాళ్ళు లెక్క కడితే, ఆర్విడ్ ఏడు అనేవాడు. అరుపుకు మూడు పాయింట్లు వాళ్ళు కలపడం మరిచిపోయారట. వాళ్ళకూ చెవులున్నాయి నాయనా, అరుపు విలువ ఏదైనా ఉంటే ఆ నాలుగులోనే ఉంది అని నలభై ఏళ్ళు మొత్తుకున్నాను. "నీ దగ్గర యంత్రం ఉందా?" అనేవాడు. నా దగ్గర లేదు. వాదన అక్కడితో ముగిసేది.

జట్టు అతను చెప్పినంత తేడాతో గెలవకపోతే అతను ఓడినట్టే. అతనివి డబ్బు పందేలు కావు. ఓడినవాడు ఆ వారమంతా గెలిచినవాడి వాకిట్లో మంచు ఎత్తిపొయ్యాలి. నాలుగు వారాల్లో మూడు వారాలు ఆర్విడే ఓడేవాడు. ఎదురింటి బెర్నిస్ గారికి ఎనభై ఎనిమిదేళ్ళు, ఆటలో ఎంతమంది ఉంటారో కూడా ఆమెకు తెలియదు. ఒకే చలికాలంలో ఆమె చేతిలో ఆరుసార్లు ఓడిపోయాడు. ఎప్పుడైనా పొరపాటున గెలిస్తే మంచు ఎత్తించకుండా, వాళ్ళింట్లో చేసిన 'ఆపిల్ పై' అనే తీపి వంటకం పుచ్చుకుని సరిపెట్టుకునేవాడు. తెల్లారగానే పార భుజాన వేసుకుని వీధంతా తిరుగుతుంటే మేం కిటికీల్లోంచి చూసి నవ్వుకునేవాళ్ళం.

మా ఊరి మర్యాద ఒకటి చెప్పాలి. సాయం చేస్తానన్నవాడు మూడుసార్లు అడగాలి. అవతలివాడు మూడుసార్లూ వద్దనాలి. ఆ తర్వాత ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకోవాలి. ఈ మర్యాదలో నన్ను మించినవాడు లేడు.

కరోనా వచ్చిన ఏడాది అక్టోబరులో నాకు గుండె ఆపరేషన్ అయింది. వసంతం దాకా పార ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. వీధిలో నలుగురు సాయానికొస్తే నలుగురినీ వద్దన్నాను. "ఆ వాకిట్లోనే పడి పోతావు గ్లెన్" అని మార్లిస్ ఏడ్చింది. అయినా నా వాకిలి నేనే చూసుకుంటానని మొండికేశాను.

అప్పుడొచ్చాడు ఆర్విడ్. మూతికి మాస్కు కట్టుకుని, ఆరడుగుల దూరంలో నిలబడి, ఆదివారం ఆటకు పందెం కడతావా అన్నాడు. నలభై ఏళ్ళలో నాతో వాదించాడే గాని ఎన్నడూ పందెం కట్టలేదు.

"బెట్టింగ్ వాళ్ళు మూడంటున్నారు, నేను ఆరంటాను" అన్నాడు.

"స్టేడియంలో ఈ ఏడు పురుగు కూడా లేదు కదయ్యా. అరుపెక్కణ్ణించి వస్తుంది?"

మాస్కు పైకి లాక్కున్నాడు. "ఇన్నేళ్ళ అరుపు. గోడల్లో ఇంకిపోయి ఉంటుంది."

పాపం, పెద్దవాడైపోయాడు అనుకుని సరేనన్నాను. ఆ వారం ఓడిపోయాడు, మంచు ఎత్తాడు. తర్వాతి ఆటకూ అంతే. పందెం పందెమే గనుక నేనూ అడ్డు చెప్పలేదు.

మూడోసారి మా జట్టు కొంప ముంచింది. ఏకంగా పద్దెనిమిది పాయింట్ల తేడాతో గెలిచింది. సోమవారం పొద్దున లేచేసరికి మోకాలి లోతు మంచు. నేను బూట్లు వేసుకున్నాను. మార్లిస్ తలుపుకు అడ్డంగా నిలబడింది. పందెం ఓడినవాణ్ణి, ఆర్విడ్ వాకిలి ఎత్తకపోతే రేపు వీధిలో తలెత్తుకోలేనని చెబుతుండగానే అతను రొప్పుతూ మా మెట్ల కిందికి వచ్చాడు.

"ఎక్కడికోయ్?" అన్నాడు.

"నీ వాకిట్లోకి. నువ్వు గెలిచావుగా."

"గెలవలేదు. స్పీకర్లలో జనం అరుపుల రికార్డు వేశారు. అది దొంగ అరుపు, దానికి పాయింట్లుండవు."

"మరి గోడల్లో ఇంకిందన్నావు?"

"గోడలు కడిగారట."

నేను మెట్టు దిగాను. అతను ముఖం తుడుచుకున్నాడు.

"గ్లెన్, అసలు అరుపుకు మూడు పాయింట్లు లేనే లేవు. ఎప్పుడూ లేవు. నువ్వు చెప్పిందే నిజం. అంతా ఆ నాలుగులోనే ఉంది. నాకు మొదట్నించీ తెలుసు."

నలభై ఏళ్ళ సిద్ధాంతాన్ని నా గుమ్మం ముందు తన నోటితోనే కాల్చేశాడు. అప్పటికి గాని నా మట్టి బుర్రకు వెలగలేదు. అతను పందెం కట్టింది ఎవరెవరితో? తుంటి విరిగిన బెర్నిస్ గారితో. నడుం పడిపోయిన బడి మాస్టారితో. పసిబిడ్డతో ఒంటరిగా ఉన్న మూలింటి అమ్మాయితో. పార పట్టగలిగినవాడితో ఒక్కసారీ కట్టలేదు. సాయమంటే మేం తలుపు వేసేస్తాం. అందుకని పాపం ఓడిపోతూ వచ్చాడు.

కృతజ్ఞత చెప్పాలనిపించింది. పైకి చెబితే అది సాయమైపోతుంది, సాయమైతే నేను వద్దనాలి. అందుకని కూర్చుని బూట్లు విప్పాను.

"అయితే నువ్వు ఓడిపోయినట్టేగా?" అన్నాను.

"చిత్తుగా" అన్నాడు. గెలిచినవాడి ముఖంలో కూడా అంత సంతోషం నేనెన్నడూ చూడలేదు.

అతను సగం వాకిలి ఎత్తాక నేను కిటికీ కొద్దిగా తెరిచి, వచ్చే ఆదివారం మళ్ళీ పందెం ఉందా అని అడిగాను.

"ఎందుకుండదు? ఏప్రిల్ దాకా ఉంది" అన్నాడు, తలెత్తకుండానే.

ఆ ఏడు మా జట్టు ఆటలు జనవరి మొదటి వారంలోనే అయిపోయాయి, మంచు మాత్రం ఏప్రిల్ దాకా పడింది. ఆ సంగతి మేమిద్దరం ఎత్తలేదు.