గంట ఆగిన ఆదివారాలు

మా సేవా క్లబ్బు అధ్యక్షుడి బల్ల మీద అరచేతిలో ఇమిడేంత ఇత్తడి గంట ఒకటి ఉంటుంది. సమావేశం మొదలయ్యేటప్పుడు, ముగిసేటప్పుడు చిన్న కొయ్యసుత్తితో దాని మీద ఒక దెబ్బ వెయ్యడం ఆనవాయితీ. మొన్న సాయంత్రం నరసరావుపేటలో ఆ సుత్తి గంటను తాకడం చూశాను, అందరూ మాటలాపి సర్దుకుని కూర్చోవడం చూశాను, గంట మాత్రం నాకు వినపడలేదు. ఆ రోజు ప్రసంగం వినికిడి లోపం గురించి. గురజాల నుంచి చెవుల డాక్టరమ్మ వచ్చింది. జీవితమంతా పత్రికలో ఉండి నలుగురు చెప్పింది విని రాసినవాణ్ణని వందన సమర్పణ నాకు అప్పజెప్పారు. ఆ నాలుగు ముక్కలూ ఇంటి దగ్గరే రాసి జేబులో పెట్టుకుని వెళ్లాను. ఆమె ఏం చెబుతుందో తెలియకముందే ‘ఎంతో విలువైన విషయాలు చెప్పారు’ అని రాసేశాను. కొంతకాలంగా నా బతుకు ఇలాగే గడుస్తోంది.

తెర మీద ‘యంత్రాల మోత’ అన్న అక్షరాలు కనపడ్డాయి. అంతే, కాలిన బెల్టు వాసన, దంచిన పత్తిగింజల కమురు వాసన ముక్కుకు తగిలాయి.

మా ఇల్లు పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లు వెనక సందులో ఉండేది. దసరా వెళ్లిన దగ్గర్నుంచీ నూజెండ్ల వైపు నుంచి పత్తి బళ్లు బారులు తీరేవి, దారి పొడుగునా తుమ్మకొమ్మలకు దూది పట్టుకుని వేలాడేది, మా కుండలో మంచినీళ్ల మీద, మజ్జిగలో, గోంగూర పచ్చడిలో కూడా ఏదో ఒక నూగు తేలుతూనే ఉండేది. కాపలా తాత కళ్లుగప్పి పత్తికుప్పల్లోకి దూకేవాళ్లం, ఆయన కర్ర పట్టుకుని వస్తే దూదితోనే పారిపోయేవాళ్లం. చలి తగ్గేసరికి మిరపకాయల ఘాటు తోడై సందంతా తుమ్మేది. ఎండలు ముదిరి మిల్లు ఆగితే, ఆ నిశ్శబ్దానికి మాకు నాలుగు రోజులు నిద్రపట్టేది కాదు.

నాన్న జిన్ను మిషను దగ్గర నిలబడేవాడు. ఇంటికొచ్చేసరికి జుట్టు, కనుబొమ్మలు, చెవి తమ్మెల మీది వెంట్రుకలు అన్నీ తెల్లగా ఉండేవి. అమ్మ గడపలో కూర్చోబెట్టి ఆ దూది ఏరేది. అంత దూది ఎగిరే మిల్లులో ఒక్కరూ చెవుల్లో చిటికెడు పెట్టుకునేవారు కాదు. ఎప్పుడో ఒకాయన పెట్టుకుని పనిలోకి వస్తే, “ఏందిరో, కాన్పయిందా? ఆడబిడ్డా మగబిడ్డా?” అని మిల్లంతా నవ్విందట. మా వైపు చెవుల్లో దూది పెట్టుకునేది బాలింతలు. ఆ నవ్వుకు జడిసి మగవాళ్లందరూ చెవులు ఇచ్చేశారు.

నాన్న చెవులు మందగించిన సంగతి మాకు తెలుసు. తెలుసని ఆయనకు తెలియనిచ్చేవాళ్లం కాదు. బెల్టు తెగే ముందు వచ్చే చప్పుడు వినపడనివాణ్ణి మిషను దగ్గర ఉంచరు. ఆ పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

ఆదివారం మా ఏసు గుడిలో చాపల మీద మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు కూర్చునేవాళ్లం. పాటలయ్యాక అందరూ కళ్లు మూసుకుని ఎవరి మొర వాళ్లు పైకే చెప్పుకునేవాళ్లు. ఆ హోరులో ఎవరి గుట్టు వాళ్లకు భద్రం. పాస్టరు అయ్యగారు చేతిగంట కొట్టగానే అన్ని గొంతులూ ఒక్కసారి ఆగేవి.

ఆ ఏడు, పంటలో కొంత దేవుడికి తెచ్చిచ్చే కోత పండుగ రోజున గుమ్మడికాయలు, మిరపకాయల గంపలు, కాళ్లు కట్టిన కోళ్లతో గుడి నిండిపోయింది. బయట కాగుల్లో వంకాయ కూర ఉడుకుతోంది. గంట మోగింది, అందరూ ఆగారు. నాన్న ఆగలేదు.

“నా చెవులు పోతన్నయ్ ప్రభువా. మేస్త్రికి తెలీనీకు. పనిలోంచి తీసేస్తాడు. ఈ పిల్లోడి సదువయ్యేదాకన్నా ఇనపడనియ్యి...”

ఆ మేస్త్రి ముందు వరసలోనే ఉన్నాడు. ఒక కోడి కుయ్యిమంది. ఎవరూ నవ్వలేదు. నేను మోకాళ్ల మధ్య తల దాచుకున్నాను. నాన్న తృప్తిగా ఆమెన్ చెప్పి, కళ్లు తెరిచి, అందరితో పాటే ముగించాననుకుని పాటల పుస్తకం అందుకున్నాడు.

భోజనాల దగ్గర అమ్మ మేస్త్రికి అడ్డంపడింది. “అన్నా, ఇందాక... నువ్వు ఇన్నావా?”

“ఏందమ్మా ఇనేది? నేను పనిచేసేదీ ఆ మిల్లులోనేగా! నా చెవులు మాత్రం బాగున్నయ్యా? ఆ వంకాయ కూర ఇట్టా పొయ్యి.”

నాన్న పని పోలేదు. కానీ మరుసటి ఆదివారం నుంచి అయ్యగారు గంట పట్టుకుని నాన్న పెదవుల వైపు చూస్తూ నిలబడేవారు. మొర ముగిసినవాళ్లు కూడా నాన్న ఆగేదాకా ఊరికే ఏదో గొణుగుతూ ఉండేవాళ్లు. “ఒరేయ్, మీ నాన్నని తొందరగా కానియ్యమను, ఆకలవతంది” అనేవాడు నా జతగాడు. వాడి ఎగతాళికి తిరిగి ఒకటి అనగలిగేవాణ్ణి. పెద్దవాళ్ల దయకు మాత్రం ఒళ్లంతా కుంచించుకుపోయేది.

ఒక ఆదివారం నాన్న మధ్యలో కళ్లు తెరిచాడు. కదులుతున్న అన్ని పెదవులనూ, తనమీదే ఉన్న అన్ని కళ్లనూ, అయ్యగారి చేతిలో గాలిలో ఆగిన గంటనూ చూశాడు. మెల్లగా నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ గుడిలో పెదవి విప్పలేదు. ఇంట్లోనూ మాటలు తగ్గించేశాడు.

మిల్లు ఉన్నచోట ఇప్పుడు ప్లాట్లు వేశారు. తుమ్మలు లేవు, వాటికి పట్టుకునే దూదీ లేదు. గుడిలో మైకులు, కీబోర్డు వచ్చాయి. ఆ హోరులో ఎవరి గొంతు ఎక్కడ ఆగిందో కనిపెట్టి ఉండేవాళ్లు లేరు. చేతిగంట ఏమైందో అడిగితే ఎవరికీ తెలియదు.

ఇదంతా తలుచుకుంటూ డాక్టరమ్మ ప్రసంగం ముగిసిందని చప్పట్లు కొడుతున్నాను. తలెత్తేసరికి నా పక్కన కిరాణా హోల్‌సేల్ వ్యాపారైన మా అధ్యక్షుడు మెత్తగా చప్పట్లు కలుపుతూ నా చేతుల వైపే చూస్తున్నాడు. ముందు వరసంతా అంతే. వెనక వరసలు ఎప్పుడో ఆపేశాయి. ఆ చూపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎన్నాళ్లుగా వీళ్లు నేను ఆపేదాకా ఇలా చప్పట్లు కొడుతున్నారో!

చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. “అన్నా, ఇక మీరే” అన్నట్టు ఆయన పెదవులు కదిలాయి. లేచి మైకు దగ్గరకు వెళ్లాను. జేబులో కాగితం మీద చెయ్యి పడింది, తియ్యలేదు.

“నా చెవులు పోతన్నయ్ డాక్టరమ్మా” అన్నాను.

ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియలేదు. హాలు గుమ్మం బయట టీ పోస్తున్న మనిషి కూడా ఆగి లోపలికి తొంగిచూశాడు.