నేను చింపని పుట

ఆ పుట నేను చింపలేదు. చింపానని మిషను చదువుల గది నుంచి నన్ను వెళ్లగొట్టారు. మార్కాపురంలో నాకు పుస్తకం దొరికే చోటు అదొక్కటే.

అవి దొరల రోజులు. నేను పలకల గనిలో రాయి చీల్చేవాణ్ణి. బడికి పోలేదు, ఇంగ్లీషు సొంతంగా కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఆదివారం ఆరాధన ముగిశాక ఆ గదిలో కూర్చునేవాణ్ణి. అక్కడ ఇంగ్లీషువాళ్లకు డచ్చి భాష నేర్పే పుస్తకం ఒకటి ఉండేది. ఆసుపత్రి నడిపిన హాలెండు దొర తన ఇంగ్లీషు భార్య కోసం తెప్పించాడట. ఆమె కాన్పులో పోయింది. ఆయన పుస్తకాలన్నీ వదిలేసి స్వదేశం వెళ్లిపోయాడు.

మనకు చాలా మాటలకు 'లు' చేరిస్తే చాలు. వాళ్లకు అట్లా కుదరదు. పలక 'లెయ్', పలకలు 'లెయ్యెన్'. బల్ల 'టాఫెల్', బల్లలు 'టాఫెల్స్'. ప్రతి మాట పక్కనా ఆమె పెన్సిలు గీత ఉండేది. ఎవరో ముందు నడుస్తుంటే వెనక నేను పోతున్నట్టుండేది. ఒక ఆదివారం, చివర 'ఎరెన్' చేరే కొద్ది మాటల దగ్గరికి వచ్చాను. ఆ పుట లేదు. అక్కడి నుంచి పుస్తకం చివరిదాకా పెన్సిలు గీతా లేదు.

తర్వాతి పుట మీద వేళ్లకు ఏవో గాట్లు తగిలాయి, పోయిన పుట మీద ఒత్తి రాస్తే కిందికి దిగినట్టు. గనిలో రాతి పగులు కంటికి ఆనకపోతే పలక పొడి రుద్ది చూస్తాం. నా పంచెకు అంటిన పొడే రుద్దాను. నల్లటి పొడిలోంచి తెల్లగా అక్షరాలు లేచాయి. కిండెరెన్, కిండెరెన్, కిండెరెన్. పుట నిండా అదే మాట. పుస్తకం చివరి పట్టికలో వెతికాను: 'కిండ్' అంటే ఒక బిడ్డ, 'కిండెరెన్' అంటే పిల్లలు.

వెనక నుంచి గది గుమాస్తా చూశాడు.

"ఏందిరా ఈ మసి? పుట యాడికి పోయింది? బీడీ చుట్టుకున్నావా?"

"నేను బీడీ తాగనయ్యా. తెరిచేతలికే లేదు."

"అట్లనా? దయ్యమొచ్చి చించుకొని పోయినాదా? లెయ్, బయటికి నడువు!"

ఆసుపత్రి ఆయమ్మ దగ్గర దొర చిరునామా సంపాదించాను. నేను దొంగను కానని ఒక్క ముక్క రాయమని, వచ్చినంత డచ్చిలోనే వేడుకున్నాను. రెండేళ్లకు జవాబు వచ్చింది. గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఈ బాస నాకు రాదు, పో" అన్నాడు. ఆ గడప మళ్లీ తొక్కలేదు. ఆ జవాబును తెలుగులో పెడుతున్నాను, మీరైనా చదవండి:

"పుట చింపింది నేనే. ఆమె చేతిలో పెట్టి పూడ్చాను. ఆ మాట ఆమె కాన్పుకు నెల ముందు రాసుకుంది. కడుపులో ఉన్నది ఇద్దరని, వైద్యుణ్ణయిన నాకే కాన్పు రోజు దాకా తెలియదు."